రెండేళ్ళ ప్రయాణానికి పదేళ్ళ ఏర్పాటు: రొమేనియా వలసలను చూసి మనం చేసుకోవలసిన పనులు

విదేశానికి మనిషి బయల్దేరుతున్న హైదరాబాదు ఇంట్లో సూట్‌కేసు తూకం గురించి జరిగినంత చర్చ మరి దేని గురించీ జరగదు. పడకగదిలోని కాటా హాల్లోకి వస్తుంది. 23 కిలోలకు అర కిలో ఎక్కువ చూపిస్తే గోంగూర డబ్బా తీయాలా, ప్రెషర్ కుక్కర్ తీయాలా అన్న వాదన అర్ధరాత్రి దాకా సాగుతుంది. అదే ఇంట్లో, వెనక ఉండిపోయే బిడ్డకు బడిలో జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, తాతగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలి, పంపే డబ్బు ఎవరి ఖాతాలో పడాలి అన్న ప్రశ్నలు మాత్రం "ముందు వెళ్ళనీ, తర్వాత చూసుకుందాం" అన్న ఒక్క మాటతో పక్కకు జరిగిపోతాయి. ఆ 'తర్వాత'ను విమానం ఎక్కక ముందే ఎలా చూసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఇటలీలోని టూరిన్ నగరంలో ఆరేళ్ళు ఉన్నాను. మా భవనంలో మా మెట్ల వరుసకు తొమ్మిది ఇళ్ళుంటే అందులో నాలుగు రొమేనియా వాళ్ళవి. అది వింతేమీ కాదు. ఇటలీలో ఉన్న విదేశీయులలో అందరికంటే ఎక్కువ మంది రొమేనియన్లే, పది లక్షల పైచిలుకు ఉంటారు. 1990లో సుమారు 2 కోట్ల 32 లక్షలున్న రొమేనియా జనాభా 2021 జనగణన నాటికి 1 కోటి 90 లక్షలకు తగ్గిందంటే, పుట్టుకలు తగ్గడం ఒక కారణమైతే, జనం ఇటలీ, స్పెయిన్, జర్మనీ, బ్రిటన్ దేశాలకు తరలిపోవడం అంతకన్నా పెద్ద కారణం. ముప్పై ఏళ్ళలో ఒక దేశం ఈ స్థాయిలో వలస పోయినప్పుడు అక్కడి కుటుంబాలు ఎక్కడెక్కడ దెబ్బతిన్నాయో, ఆ దెబ్బలకు ఏ మందు కనిపెట్టారో తెలుసుకోవడం మనకు ఉపయోగం. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు, కూకట్‌పల్లి నుంచి అమెరికాకు మనవాళ్ళు వెళ్ళడం కూడా అంతే పాతది, కాని మన ఏర్పాట్లు ఇంకా నోటిమాట మీదే నడుస్తున్నాయి.

మరో కారణం కూడా ఉంది. రొమేనియన్లు వెళ్ళిపోయిన చోట మిగిలిన ఖాళీలను నింపడానికి ఆ దేశం 2022 నుంచి 2025 దాకా ఏటా లక్ష మంది చొప్పున ఐరోపా సమాఖ్య వెలుపలి కార్మికులకు అనుమతులు ప్రకటిస్తూ వచ్చింది. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ వాళ్ళతో పాటు మన దేశం వాళ్ళూ అక్కడి కట్టడాల్లో, హోటళ్ళలో, గోదాముల్లో పనికి వెళుతున్నారు. కాబట్టి హైదరాబాదులో ఎవరైనా ఏజెంటు మీకు రొమేనియా రాజధాని బుకారెస్టులో ఉద్యోగమని చెబితే, ఆ ఉద్యోగం ఎందుకు ఖాళీ అయిందో కూడా ఈ కథలోనే ఉంటుంది.

ముందుగా గడువును కాగితం మీద పెట్టండి

మా పై అంతస్తులో ఉండే ఆవిడ రొమేనియా తూర్పు భాగంలోని బకౌ జిల్లా నుంచి వచ్చింది. టూరిన్‌కు వచ్చిన రొమేనియన్లలో ఆ జిల్లా వాళ్ళు చాలామంది. ఆమె 2003లో మూడు నెలలకని వచ్చింది. 2002 జనవరి 1 నుంచి రొమేనియన్లకు షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో, పర్యాటకులుగా తిరగడానికి వీసా అవసరం లేకుండా పోయింది. మూడు నెలల లోపు తిరిగి వెళ్ళాలి, పని చేయకూడదు. ఎంతమంది ఆ రెండు షరతులూ పాటించారో ఊహించుకోవచ్చు. ఆమె పెద్ద కొడుకు చదువుకని మరో ఏడాది ఉంది, ఇంటి పైకప్పు వేయించడానికని ఇంకో ఏడాది ఉంది, 2007 జనవరి 1న వాళ్ళ దేశం ఐరోపా సమాఖ్యలో చేరగానే అన్నీ సక్రమమవుతాయి కదా అని మళ్ళీ ఉండిపోయింది. నేను ఆమెను కలిసేనాటికి ఆ మూడు నెలలకు పన్నెండేళ్ళు నిండాయి.

స్పెయిన్‌లోని వెల్వా ప్రాంతానికి స్ట్రాబెర్రీ కోతలకు వెళ్ళేవారిదీ ఇదే వరస. రొమేనియన్ భాషలో స్ట్రాబెర్రీని 'కప్షునా' అంటారు. ఆ పంట కోసే కూలీలకు వచ్చిన 'కప్షునార్' అన్న పేరు తర్వాత విదేశంలో ఏ పని చేసేవాడికైనా, కొంచెం ఎగతాళిగా, అంటుకుపోయింది. మనం 'దుబాయ్ వాడు' అన్నప్పుడు వాడు నిజానికి మస్కట్‌లో ఉన్నా ఫరవాలేనట్టే. కోతల కాలం కొన్ని నెలలే. కాని ఒక కోత అప్పు తీర్చుతుంది, మరో కోత ఇంటికి ఖర్చవుతుంది, ఈలోగా ఏళ్ళు గడిచిపోతాయి.

కనుక చేయవలసిన మొదటి పని ఇది: బయల్దేరే మనిషి, భార్య లేదా భర్త, ఇంట్లో పెద్దవారొకరు కూర్చుని ఒక తెల్లకాగితం మీద ఎంత మొత్తం కూడితే తిరిగి రావాలి, ఆ మొత్తం కూడినా కూడకపోయినా ఏ తేదీకి ఒకసారి కూర్చుని మళ్ళీ నిర్ణయించాలి, గడువు పెంచాలంటే ఎవరెవరు ఒప్పుకోవాలి అన్న మూడు సంగతులు రాసుకోవాలి. ఈ కాగితానికి కోర్టులో విలువ లేదు, స్టాంపు అక్కర్లేదు. అయినా రాసుకోమనే చెబుతాను, ఎందుకంటే గడువు పెంచడం అన్నది రొమేనియన్ ఇళ్ళలో ఒక నిర్ణయంగా ఎన్నడూ జరగలేదు. అది దానంతటదే జరిగిపోయింది. మిగిలిన ఏర్పాట్లన్నీ మాత్రం ఆ గడువు లెక్కన కాకుండా, పదేళ్ళు ఉండిపోతే ఎలా అన్న లెక్కన చేసుకోవాలి.

బిడ్డ తరఫున సంతకం ఎవరిది

ఈ విషయం దగ్గర కొంచెం నిలబడక తప్పదు. తల్లిదండ్రుల వలస వల్ల రొమేనియాకు తగిలిన అతి పెద్ద దెబ్బ పిల్లలకే తగిలింది. రొమేనియాలోని యాష్ నగరంలో ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి యూనిసెఫ్ 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం అప్పటికి దాదాపు 3,50,000 మంది పిల్లల ఇళ్ళలో తల్లో తండ్రో, కొన్ని ఇళ్ళలో ఇద్దరూ, విదేశంలో ఉన్నారు. ఎక్కువమంది అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరిగారు. వారికి తిండికి లోటు లేదు, కొత్త ఫోన్లు, బూట్లు కూడా వచ్చేవి. కాని చట్టం దృష్టిలో ఆ అమ్మమ్మ ఎవరూ కాదు. బిడ్డకు ఆపరేషన్ చేయాలన్నా, బడి మార్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా ఆమె సంతకం చెల్లేది కాదు.

దీనికి వాళ్ళు కట్టిన మందు ఇది. 2004 నాటి బాలల రక్షణ చట్టాన్ని 2013లో సవరించి, బిడ్డను వదిలి విదేశానికి పనికి వెళ్ళే తల్లిదండ్రులు కనీసం 40 రోజుల ముందు తమ ఊరి సాంఘిక సంక్షేమ విభాగానికి తెలియజేయాలనీ, బిడ్డను ఎవరు చూసుకుంటారో ఆ దరఖాస్తులోనే పేరుతో సహా చెప్పాలనీ నిర్దేశించారు. ఆ మనిషికి 18 ఏళ్ళు నిండి ఉండాలి, దగ్గరి బంధువై ఉండాలి. కోర్టుకు స్వయంగా వచ్చి సమ్మతి తెలపాలి. అప్పుడు కోర్టు తల్లిదండ్రుల అధికారాన్ని ఆ వ్యక్తికి తాత్కాలికంగా, ఏడాదికి మించకుండా, అప్పగిస్తుంది. బాధ్యత తీసుకునేవారికి సంక్షేమ విభాగం సలహా తరగతులు కూడా పెడుతుంది. చట్టం వచ్చాక కూడా చెప్పకుండా వెళ్ళిపోయేవారు ఉన్నారనుకోండి. అయినా అందులో నాకు నచ్చినది ఆ ఏడాది పరిమితి. ఏడాదికొకసారి ఎవరో ఒకరు ఆ బిడ్డ పేరును మళ్ళీ ఉచ్చరించక తప్పదు.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. లేనందువల్ల ఏమవుతుందో మూసాపేటలో మా దూరపు చుట్టం ఇంట్లో చూశాను. మనవణ్ణి ఆరో తరగతికి మరో బడిలో చేర్చడానికి నాయనమ్మ వెళ్ళింది. దరఖాస్తులో 'తండ్రి లేక తల్లి సంతకం' అన్న గడి దగ్గర ఆమె ఆగిపోయింది. కొడుకు, కోడలు ఇద్దరూ కువైట్‌లో ఉన్నారు. "మా వాడు ఫోన్‌లో ఉన్నాడు సార్, ఒక్కసారి మాట్లాడతారా?" అని ఆమె చేతిలోని ఫోను కిటికీలోంచి లోపలికి చాచింది. లోపలున్న గుమాస్తా మంచివాడే. ఆ ఫోను తీసుకుని చెవిన పెట్టుకున్నాడు కూడా. కాని ఫోనులోని గొంతుతో గడి నిండదు కదా. టీసీ కోసం పాత బడికి, సంతకం కోసం కువైట్‌కు, మళ్ళీ ఇక్కడికి తిరిగేసరికి ఆ పిల్లవాడికి మూడు వారాల పాఠాలు పోయాయి.

కాబట్టి మీరు స్వయంగా చేసుకోవలసినది ఈ క్రమంలో చేసుకోండి. రొమేనియా వాళ్ళ 40 రోజుల లెక్కనే పెట్టుకుని, ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. బిడ్డను చూసుకునేది ఎవరో ఒక్కరి పేరు తేల్చండి. 'అందరం చూసుకుంటాం' అన్న ఇంట్లో చివరికి ఎవరూ చూసుకోరని మా భవనంలోని నాలుగు రొమేనియా ఇళ్ళవాళ్ళూ ఒకే గొంతుతో చెప్పేవారు. తర్వాత తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టిన అధికార పత్రం ఒకటి నోటరీ దగ్గర చేయించి, అందులో బడి వ్యవహారాలు, వైద్యానికి సమ్మతి, బిడ్డతో ప్రయాణం అన్న మూడింటినీ విడివిడిగా పేర్కొనండి. 'అన్ని విషయాలకు' అన్న మాట ఏ కౌంటర్ దగ్గరా పనిచేయదు. ఆ పత్రం నకలును బడిలో, మీరు మామూలుగా చూపించుకునే పిల్లల డాక్టరు దగ్గర ముందే ఇచ్చి, వాళ్ళ దస్త్రంలో పెట్టించండి. బిడ్డకు పాస్‌పోర్టు ఇప్పుడు అవసరం లేదనిపించినా మీరిద్దరూ ఇక్కడ ఉండగానే తీసుకోండి, ఎందుకంటే మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తర్వాతైతే విదేశంలోని మన రాయబార కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది.

నోటరీ పత్రంతో మీ బంధువు చట్టప్రకారం గార్డియన్ అయిపోరని కూడా తెలిసి ఉండాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డ నివసించే ప్రాంతపు కుటుంబ న్యాయస్థానంలో దరఖాస్తు చేయవచ్చు గాని, తల్లిదండ్రులు బతికి ఉండి, వారిలో అయోగ్యత ఏదీ లేనప్పుడు మరొకరిని నియమించడానికి కోర్టు తేలిగ్గా ఒప్పుకోదు. ఆస్తి తగాదాలున్న ఇంట్లోనో, విడాకులైన ఇంట్లోనో తప్ప ఆ దారి పట్టవలసిన పని ఉండదు. అలాంటి ఇల్లయితే మాత్రం న్యాయవాదిని కలవకుండా టికెట్ కొనకండి.

బిడ్డకు ఏం చెప్పాలన్నది కాగితంతో తెమిలే పని కాదు. మా పై అంతస్తు ఆవిడ తన చిన్న కొడుకు నిద్రలో ఉండగా తెల్లవారుజామున బయల్దేరింది, లేచి ఏడుస్తాడని. "లేచాక ఎక్కువ ఏడ్చాడు, నేను మాత్రం వినలేదు" అని ఒకసారి మెట్ల మీద నాతో అంది. చెప్పి వెళ్ళండి. ఎప్పుడు ఫోన్ చేస్తారో కూడా చెప్పండి. చెప్పిన వేళకు చేయండి. ఇటలీకీ మనకూ చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు తేడా. అక్కడ గడియారాలు మార్చినప్పుడు ఇక్కడ పిల్లవాడు గంటసేపు ఊరికే ఎదురుచూస్తాడన్న సంగతి చాలామందికి తట్టదు.

ఏజెంటు, ఒప్పందం

దీని గురించి పత్రికల్లో చాలా వచ్చింది కనుక పొడిపొడిగా చెబుతాను. మన 1983 నాటి వలస చట్టం కింద నమోదైన ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, రసీదు ఇవ్వాలి. ఏజెంటు నమోదైనవాడో కాదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. హైదరాబాదులో వలస కార్మికుల వ్యవహారాలు చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి కావాలన్న పాస్‌పోర్టు మీద, ఆ జాబితాలోని దేశాలకు వెళ్ళేవారు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పక తీసుకోవాలి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి 10 లక్షల బీమా ఉంటుంది. రొమేనియాకు వెళ్ళేవారి విషయంలో పని అనుమతి తెచ్చేది అక్కడి యజమాని. అది చేతికొచ్చాకే దీర్ఘకాల వీసాకు దరఖాస్తు పెడతారు. ఆ అనుమతి కాగితం చూపించకుండా డబ్బు అడిగే ఏజెంటుతో మాట్లాడటం అక్కడితో ఆపేయండి.

ఒప్పందంలో మీరు వెతకవలసిన ముఖ్యమైన మాట, జీతం అంకె కన్నా కూడా, మీ యజమాని ఎవరన్నది. 2020 జూన్‌లో జర్మనీలోని గ్యూటర్స్‌లోహ్ నగరం దగ్గర ఒక మాంసం కర్మాగారంలో పదిహేను వందల మందికి పైగా కార్మికులకు కరోనా సోకినప్పుడు దీని అసలు రూపం బయటపడింది. వారిలో చాలామంది రొమేనియా, బల్గేరియా వాళ్ళు. పని చేసేది ఆ కర్మాగారంలోనే అయినా ఉద్యోగం మాత్రం ఉపగుత్తేదార్ల కింద. కిక్కిరిసిన గదుల్లో పడుకునేవారు, ఆ గది అద్దె కూడా జీతంలోంచే కోసేవారు. 2021 జనవరి 1 నుంచి జర్మనీ మాంసం పరిశ్రమలో ప్రధాన పనులకు అలాంటి ఉపగుత్త పద్ధతిని నిషేధించింది. అది ఆ దేశంలో, ఆ పరిశ్రమ వరకే. మీ ఒప్పందంలో పని చేయించేవారు ఒకరు, జీతమిచ్చేవారు మరొకరు, గది ఇచ్చేవారు ఇంకొకరు ఉంటే, ముగ్గురి పేర్లూ చిరునామాలూ రాసుకుని, గది అద్దె ఎంతో, ఒక గదిలో ఎందరో, పని మానేస్తే గది ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలో అడగండి.

డబ్బు, ఇల్లు

రొమేనియా వాయవ్యంలో, సతు మారె జిల్లాలో చెర్తేజె అనే ఊరుంది. అక్కడివాళ్ళు 1990ల నుంచి ఫ్రాన్స్‌కు, ఇతర దేశాలకు పనికి వెళ్ళి, తెచ్చిన డబ్బుతో మూడేసి అంతస్తుల ఇళ్ళు కట్టారు. పాలరాతి మెట్లు, మెరిసే ఉక్కు కటకటాలు, గుమ్మటాలు. పక్కవాడి ఇంటికన్నా ఒక జానెడైనా ఎత్తు ఉండాలి. వాటిని అక్కడ 'గొప్ప కోసం కట్టిన ఇళ్ళు' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆగస్టులో విదేశీ నంబరు ప్లేట్ల కార్లు వరసగా ఊళ్ళోకి వచ్చినప్పుడు వెలిగే దీపాలు సెప్టెంబరులో ఆరిపోతాయి. మిగిలిన ఏడాదంతా ముసలి తల్లి పెరట్లోని పాత వంటింట్లోనే కాలక్షేపం చేస్తుంది. ఆ ఇళ్ళను చూసి నవ్వడం తేలిక. జగిత్యాల వైపు వెళితే గల్ఫ్ డబ్బుతో కట్టి, పై అంతస్తుకు తాళం వేసిన డాబాలు మనకూ కనిపిస్తాయి, ఆ తాళం చెవి ఎక్కడుందో కింద ఉన్న పెద్దాయనకు కూడా గుర్తుండదు.

ఇల్లు కట్టవద్దని నేను చెప్పడం లేదు. కట్టే క్రమం మార్చమంటున్నాను. మొదట వచ్చే డబ్బుతో ప్రయాణం కోసం చేసిన అప్పు తీర్చండి, వడ్డీ నెలకు నూటికి రెండు మూడు రూపాయలు ఉంటుంది కనుక. తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చును ఎవరూ ముట్టుకోని ఖాతాలో వేయండి. పెద్దవారికి ఆరోగ్య బీమా ఆ తర్వాత. ఇల్లు నాలుగోది. విదేశీ మారక చట్టం ప్రకారం మీరు ప్రవాసి అయ్యాక మీ మామూలు పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే ప్రవాసులకు ఇక్కడ వచ్చే రాబడి కోసం ఉండే ఖాతాగా, మార్పించాలి. విదేశంలో సంపాదించి పంపేదానికి ఎన్ఆర్ఈ ఖాతా వేరే తెరుచుకోవచ్చు. చాలామంది పాత ఖాతానే వాడుకుంటూ పోతారు, అది నిబంధనలకు విరుద్ధం.

ఇంటి పనులు చూసేవారికి జీపీఏ, అంటే మీ తరఫున పనులు చేసే అధికార పత్రం, ఇవ్వాలనుకుంటే ఇక్కడ ఉండగానే, సబ్ రిజిస్ట్రారు ముందు చేయించడం మేలు. విదేశం నుంచి పంపితే అక్కడి మన రాయబార కార్యాలయంలోనో నోటరీ దగ్గరో ధ్రువీకరించి పంపాలి, ఇక్కడ అందిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం కట్టాలి. ఏది చేసినా, ఇల్లు చూసుకునే అధికారం వేరు, అమ్మే అధికారం వేరు. రెండూ ఒకే కాగితంలో, ఒకే మనిషికి, అన్నదమ్ములైనా సరే, ఇవ్వకండి.

ముసలివారిని చూసుకునే పనికి వెళ్ళే స్త్రీలు

ఇటలీలో ఇంట్లోనే ఉండి వృద్ధులను కనిపెట్టుకునే స్త్రీని 'బదాంతె' అంటారు. రొమేనియా స్త్రీలలో లెక్కలేనంతమంది ఈ పనిలోనే ఉన్నారు. కేరళ నర్సుల తోవలో మన దగ్గరి స్త్రీలూ ఇలాంటి పనులకు ఐరోపా వైపు చూస్తున్నారు కనుక ఈ సంగతులు చెప్పాలి. అక్కడి ఇంటిపని కార్మికుల జాతీయ ఒప్పందం ప్రకారం, ఇంట్లోనే ఉండి పూర్తికాలం పనిచేసే మనిషికి వారానికి 54 గంటలకు మించి పని ఉండకూడదు. వారానికి 36 గంటల విశ్రాంతి ఇవ్వాలి, అందులో 24 గంటలు ఆదివారం. డిసెంబరులో పదమూడో నెల జీతం ఉంటుంది, పని మానినప్పుడు ఏళ్ళ లెక్కన కొంత మొత్తం ఉంటుంది. మా పై అంతస్తు ఆవిడకు మొదటి నాలుగేళ్ళు ఇవేవీ రాలేదు, ఎందుకంటే ఆమె పేరు ఏ రికార్డులోనూ లేదు. గురువారం మధ్యాహ్నం, ఆదివారం పార్కు బెంచీల మీద కూర్చున్న రొమేనియా స్త్రీల గుంపులో మాటల మధ్య విని తెలుసుకుంది తనకు రావలసినదేమిటో.

గంటల లెక్క కన్నా కష్టమైనది నిద్ర. రాత్రి మూడుసార్లు లేచే మనిషి పక్క గదిలో ఏళ్ళ తరబడి పడుకోవడం, భాష రాని ఇంట్లో రోజంతా ఒకరి మొహమే చూడటం, అక్కడ ఎవరి తల్లికో అన్నం తినిపిస్తూ ఇక్కడ సొంత తల్లి ఒంటరిగా ఉందని తెలిసి ఉండటం. ఇవన్నీ కలిసి తిరిగి వచ్చిన స్త్రీలలో కనిపించే దిగులుకు, నిద్రలేమికి, ఆందోళనకు 2005లో ఉక్రెయిన్ వైద్యులిద్దరు 'ఇటలీ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అది వైద్య గ్రంథాల్లోకి ఎక్కిన జబ్బు కాదు గాని, యాష్‌లోని సొకోలా మానసిక వైద్యశాలకు ఇటలీ నుంచి తిరిగొచ్చిన రొమేనియా స్త్రీలు అలాంటి బాధలతోనే వెళుతుంటారు. మీ ఇంటి నుంచి వెళ్ళే స్త్రీ అయితే ఆమెతో వారానికొకసారైనా పిల్లల ఫీజులు, అప్పులు కాకుండా మరేదైనా మాట్లాడండి. "బాగున్నా" అన్న జవాబు వెనక గొంతు మారితే ఆ మార్పును వినే మనిషి ఇంట్లో ఒకరుండాలి. సెలవు రోజు వదులుకుని అదనపు డబ్బు తెచ్చుకుంటానంటే వద్దని చెప్పవలసింది కూడా ఇంటివారే.

మనవాళ్ళను వెతుక్కోవడం, మనవాళ్ళలోనే ఉండిపోకపోవడం

ఆదివారం ఉదయం పది గంటలకు మా వీధి చివర ఒక తెల్ల వ్యాను ఆగేది. రొమేనియా నుంచి రెండు రోజులు నడిపి తెచ్చిన వ్యాను. డ్రైవరు వెనక తలుపులు తెరిచి, గళ్ళ ప్లాస్టిక్ సంచులను ఒక్కొక్కటే దించి, గీతల నోటుపుస్తకంలో పేరు చూసి పిలిచేవాడు. పై అంతస్తు ఆవిడ సంచి విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను: పాత వార్తాపత్రికలో చుట్టిన నాలుగు గాజు సీసాలు, వాటి మధ్య పగలకుండా దూర్చిన ఉన్ని మేజోళ్ళు. సీసాల్లో జకుస్కా, కాల్చిన వంకాయ, ఎర్ర మిరప, టమాటా కలిపి నూనెలో గంటల తరబడి ఉడికించి శరదృతువులో నిలవ పెట్టుకునేది. మూత మీద వాళ్ళమ్మ చేతిరాతతో సంవత్సరం. అది నాలుక మీద పెట్టుకోగానే మా ఇంటి కాల్చిన వంకాయ పచ్చడికి నూనె ఎక్కువైనట్టు అనిపించి, మరుసటి వారం నేను ఇంగువ పోపు వేసిన అసలు సరుకు పట్టుకెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్ కొరియర్ దుకాణాల్లో కిలోల లెక్కన పచ్చళ్ళు, సకినాలు పెట్టెల్లోకి ఎక్కడం చూసినప్పుడల్లా నాకు ఆ గళ్ళ సంచి గుర్తొస్తుంది.

ఆ వ్యానుతో వచ్చేవి పచ్చళ్ళు మాత్రమే కాదు. ఎవరింట్లో గది ఖాళీ ఉంది, ఏ యజమాని జీతం ఎగ్గొడతాడు, ఏ కార్యాలయంలో ఏ కాగితం అడుగుతారు అన్న కబుర్లన్నీ అక్కడే చేతులు మారేవి. వాళ్ళ క్రైస్తవ శాఖ అయిన ఆర్థడాక్స్ చర్చి ఆవరణ కూడా అంతే. చాలాచోట్ల కేథలిక్కులు ఇచ్చిన పాత చర్చిలోనే వాళ్ళ పూజలు. మీరు ఏ ఊరికి వెళ్ళినా మొదటి నెలలో చేయవలసిన పని అలాంటి చోటు ఒకటి పట్టుకోవడం. తెలుగు సంఘం కావచ్చు, గుడి కావచ్చు, ఒక కిరాణా దుకాణం కావచ్చు. పండగ భోజనాలకన్నా, జీతం పత్రంలో ఏ అంకె ఏమిటో చెప్పగలిగిన పాతకాపు ఒకరు దొరకడం ముఖ్యం.

అయితే అక్కడే ఆగిపోకూడదు. రొమేనియన్ లాటిన్ నుంచి పుట్టిన భాష. ఇల్లు వాళ్ళకు 'కాస', ఇటలీ వాళ్ళకూ 'కాస'. రొట్టె 'పైనె' అయితే అక్కడ 'పానె'. తెలుగువాడు బళ్ళారిలో కన్నడం పట్టుకున్నట్టు వాళ్ళు ఆరు నెలల్లో ఇటాలియన్ పట్టుకుంటారు. మనకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఒప్పందం కుదిరిన రోజు నుంచే ఆ దేశపు భాష రోజుకొక గంట మొదలుపెట్టాలి. అంకెలు, శరీర భాగాలు, 'నాకు ఇది అర్థం కాలేదు, కాగితం మీద రాసి ఇవ్వండి' అన్న వాక్యం, ఈ మూడూ వచ్చాకే విమానం ఎక్కండి.

కాగితాల పెట్టె

ఇక చివరి ఏర్పాటు. పై అంతస్తు ఆవిడ దగ్గర ఒక చెప్పుల డబ్బా ఉండేది. ఇటలీకి ముందు ఆమె కొంతకాలం రొమేనియాలో బట్టల మిల్లులో, మధ్యలో రెండేళ్ళు స్పెయిన్‌లో పనిచేసింది. ఆ మిల్లు గుర్తింపు కార్డు మొదలుకొని ప్రతి జీతం పత్రం అందులో ఉండేది. ఐరోపా సమాఖ్యలో పింఛను అర్హతకు వేర్వేరు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కిస్తారు, ఏ దేశం వాటా ఆ దేశం చెల్లిస్తుంది. మూడు దేశాల లెక్క తేలాలంటే రుజువు చేతిలో ఉండాలి. రికార్డుకెక్కని ఆ మొదటి నాలుగేళ్ళు మాత్రం ఆమె ఎంత వెతికినా ఆ డబ్బాలో దొరకవు.

మన దేశానికి జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, బెల్జియం వంటి దేశాలతో సాంఘిక భద్రత ఒప్పందాలున్నాయి; ఇక్కడి కంపెనీ తరఫున ఆ దేశాలకు వెళ్ళేవారు ఇక్కడ పీఎఫ్ కడుతున్నట్టు పీఎఫ్ కార్యాలయం నుంచి కవరేజి సర్టిఫికెట్ తీసుకుంటే అక్కడి సాంఘిక భద్రత చందా మళ్ళీ కట్టనక్కర్లేదు. అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు. ఏ దేశమైనా సరే, ఒప్పందం, వీసా, ప్రతి నెల జీతం పత్రం, పన్ను కాగితం, గది అద్దె రసీదు, ఆసుపత్రి కాగితాలు ఫోనులో ఫొటో తీసి అదే రోజు ఇంటికి పంపండి. ఫోను పోతుంది, పాస్‌పోర్టు యజమాని సొరుగులో ఇరుక్కోవచ్చు. ఇక్కడ ఇంట్లో వాటిని అచ్చు తీసి ఒక ఫైలులో నెల వారీగా పెట్టండి. అదే ఫైలులో బిడ్డ అధికార పత్రం, బీమా కాగితం, మొదట రాసుకున్న గడువు కాగితం కూడా ఉండాలి. ఆ ఫైలు ఏ బీరువాలో, ఏ అరలో ఉందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి. ఒక్కరికే తెలిస్తే, అవసరం వచ్చిన రోజు ఆ ఒక్కరే ఆసుపత్రి మంచం మీద ఉండవచ్చు.